ఆంగ్ల పదనిర్మాణంలో పూర్వ, పర ప్రత్యయాలు: అర్థభేద, పదవర్గభేదాల చారిత్రక నేపథ్యం

ఆంగ్ల పదనిర్మాణాన్ని బోధించే సందర్భాల్లో ఒక సూత్రం తరచుగా వినిపిస్తుంది. పదానికి ముందు చేరే ప్రత్యయం అర్థాన్ని మారుస్తుంది, వెనుక చేరే ప్రత్యయం పదవర్గాన్ని మారుస్తుంది అన్నది ఆ సూత్రం. ‘హ్యాపీ’ విశేషణం, ‘అన్‌హ్యాపీ’ కూడా విశేషణమే, అర్థం మాత్రం తారుమారైంది. ‘హ్యాపీనెస్’ నామవాచకం, ‘హ్యాపిలీ’ క్రియావిశేషణం. వీటిలో మూలార్థం అలాగే నిలిచి వ్యాకరణ ధర్మం మాత్రం మారింది. ఈ సూత్రం ప్రాథమిక బోధనకు చాలుతుంది. కాని ‘కింగ్’ నామవాచకమే, ‘కింగ్‌డమ్’ నామవాచకమే. ఇక్కడ పరప్రత్యయం పదవర్గాన్ని కదిలించలేదు. ‘రిచ్’ విశేషణం కాగా ‘ఎన్‌రిచ్’ క్రియ. ఇక్కడ పూర్వప్రత్యయమే పదవర్గాన్ని మార్చినట్లు కనిపిస్తుంది. ‘ఫ్రెండ్లీ’ అనే మాటకు చివర ‘-లీ’ ఉన్నా అది క్రియావిశేషణం కాదు. వీటిని అపవాదాలుగా జాబితా వేసి వదిలివేయడం వాడుక. భాషాచరిత్రలోకి వెళ్లి చూస్తే సూత్రానికీ అపవాదాలకూ మూలం ఒకటేనని తేలుతుంది. ఆంగ్ల ప్రత్యయాల్లో అధికభాగం ఒకప్పటి స్వతంత్ర పదాలో, ఎరువు వచ్చిన పదాల్లో ఇమిడి వచ్చిన తునకలో కావడమే ఆ మూలం. వచన, కాల బోధకాలైన ప్రత్యయాలు ఈ పరిశీలనలోకి రావు. కొత్త పదాన్ని కల్పించే ప్రత్యయాలే ఇక్కడి విషయం.

ఉత్తరపదం ప్రత్యయం కావడం

క్రీస్తుశకం 5వ శతాబ్దిలో ఆంగ్లో-శాక్సన్ తెగలతో బ్రిటన్‌కు చేరిన ప్రాచీనాంగ్లం సమాసాలకు అలవాటుపడిన భాష. అందులో ‘డోమ్’ అనేది స్వతంత్ర నామవాచకం. తీర్పు, శాసనం, అధికార పరిధి దాని అర్థాలు. ‘ధా’ ధాతువుతో సంబంధమున్న సంస్కృత ‘ధామ’ శబ్దానికి ఇది దూరపు జ్ఞాతి. ‘వైజ్’ అనే విశేషణంతో సమసించి ఇది ‘విజ్‌డమ్’ అయింది, ‘ఫ్రీ’తో చేరి ‘ఫ్రీడమ్’ అయింది. స్వతంత్రంగా నిలిచిన ‘డోమ్’ తీర్పు నుంచి తుదితీర్పుకు, అక్కడి నుంచి వినాశనానికి అర్థపరిణామం పొంది ‘డూమ్’గా మిగిలింది. 1086 నాటి భూముల సర్వే గ్రంథానికి ‘డూమ్స్‌డే’ అన్న పేరు స్థిరపడింది ఈ పాత అర్థంలోనే. నేటి ఆంగ్లభాషి దృష్టిలో ‘ఫ్రీడమ్’లోని చివరి భాగానికీ ‘డూమ్’కూ ఏ సంబంధమూ లేదు. పదం ప్రత్యయంగా మారిపోయిందనడానికి ఈ మరపు చాలు.

‘-హుడ్’ కథ ఇంకొంత భిన్నం. ప్రాచీనాంగ్లంలో ‘హాడ్’ అంటే స్థితి, హోదా, వ్యక్తి. ‘చైల్డ్‌హుడ్’ అంటే శిశువుగా ఉన్న స్థితి. మధ్యాంగ్ల కాలంలో స్వతంత్ర పదం వాడుకనుంచి తొలగిపోయింది. సమాసాల్లో చిక్కుకున్న రూపం మాత్రమే బతికింది. ‘-షిప్’ కూడా ‘ఆకృతినివ్వడం’ అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చినదే.

తెలుగు, సంస్కృత వ్యాకరణాలతో పరిచయమున్నవారికి ఇక్కడ ఒక విషయం వెంటనే స్ఫురిస్తుంది. తత్పురుషంలో ఉత్తరపదానికే ప్రాధాన్యం. సమాసం ఏ పదవర్గానికి చెందుతుందో నిర్ణయించేది అదే. ‘విజ్‌డమ్’ పూర్వపదం విశేషణమైనా మొత్తం నామవాచకం కావడానికి కారణం ఉత్తరపదమైన ‘డోమ్’ నామవాచకం కావడం. ‘కింగ్‌డమ్’లో పూర్వపదం కూడా నామవాచకమే కనుక మార్పు కనిపించదు, అంతే. అంటే పరప్రత్యయం పదవర్గాన్ని ‘మార్చడం’ లేదు. తన పదవర్గాన్ని మొత్తం పదానికి ఇస్తున్నది. పూర్వపదం విశేషకం మాత్రమే కనుక అది అర్థాన్ని సవరించి ఊరుకుంటుంది. 1981లో ఎడ్విన్ విలియమ్స్ ఆంగ్లపదంలో కుడివైపు అంశమే శిరస్సు అని సూత్రీకరించినప్పుడు, ఆ క్రమం ఎక్కడిదన్న ప్రశ్నకు ఈ సమాసచరిత్ర సమాధానంలో ఒక భాగం ఇస్తుంది. ఒక భాగం మాత్రమే అనడానికి కారణముంది. ‘-నెస్’ వంటి ప్రత్యయాలకు వెనుక స్వతంత్ర పదం కనిపించదు. గోథిక్ భాషా రూపాలతో పోల్చితే అందులోని ‘న’కారం కూడా మొదట ప్రాతిపదికకు చెందినదేననీ, విభజన తప్పి ప్రత్యయంలోకి జరిగిందనీ తెలుస్తుంది.

‘-లీ’ ప్రత్యయ పరిణామం వీటన్నిటికన్నా విలువైన సాక్ష్యం. ప్రాచీనాంగ్లంలో ‘లీచ్’ అంటే శరీరం, ఆకారం. శవమనే అర్థం కూడా దానికి ఉండేది. ఇంగ్లండు చర్చి ప్రాంగణాల ముఖద్వారం వద్ద శవపేటికను దించే కప్పుగల ద్వారాన్ని నేటికీ ‘లిచ్‌గేట్’ అంటారు. నామవాచకంతో ‘లీచ్’ చేరితే ‘ఫలానా ఆకారం గల’ అనే విశేషణం ఏర్పడేది. ‘ఫ్రెండ్లీ’ అంటే మిత్రుని రూపు గలది. ఈ దశలో ‘-లీ’ విశేషణ ప్రత్యయమే.

మరి క్రియావిశేషణం ఎలా వచ్చింది? ప్రాచీనాంగ్లంలో విశేషణం చివర ‘ఎ’కారం చేర్చి క్రియావిశేషణాన్ని సాధించేవారు. ‘ఫ్యాస్ట్’ విశేషణం, ‘ఫ్యాస్టె’ క్రియావిశేషణం. ఇదే పద్ధతిలో ‘లీచ్’ అంతమందున్న విశేషణాలకు ‘లీచె’ అనే రూపం ఏర్పడింది. మధ్యాంగ్ల కాలంలో పదాంత అచ్చులు బలహీనపడి క్రమంగా లోపించాయి. ‘ఎ’కారం పోగానే ‘ఫ్యాస్ట్’, ‘ఫ్యాస్టె’ ఒకటైపోయాయి. ‘హార్డ్’ కూడా అంతే. వేగంగా పరుగెత్తడాన్ని చెప్పడానికి నేటికీ ‘ఫాస్ట్’ అనే అంటారు తప్ప దానికి ‘-లీ’ చేర్చరు. భాషకు క్రియావిశేషణాన్ని గుర్తించే చిహ్నం అవసరమైంది. అంతవరకు రెండు పనులూ చేస్తున్న ‘-లీ’ని భాషీయులు ఆ చిహ్నంగా గ్రహించారు. పాత విశేషణాలైన ‘ఫ్రెండ్లీ’, ‘లవ్లీ’, ‘మ్యాన్లీ’ తమ తొలి హోదాలోనే నిలిచాయి. నామవాచకానికి చేరిన ‘-లీ’ విశేషణాన్నీ, విశేషణానికి చేరిన ‘-లీ’ క్రియావిశేషణాన్నీ ఇస్తుందన్న నేటి విభజన, లోపించిన ఒక అచ్చు వదిలివెళ్లిన గుర్తు.

తెలుగులో దీనికి సాదృశ్యం దగ్గరలోనే ఉంది. ‘అందంగా’, ‘అందమైన’ అనే జంటలో ‘-గా’, ‘-ఐన’ రెండూ ‘అగు’ ధాతువు రూపాలే. స్వతంత్ర క్రియ అరిగి క్రియావిశేషణ చిహ్నం కావడం తెలుగు వ్యాకర్తలకు కొత్త కాదు. తేడా ఏమిటంటే తెలుగులో రెండు పనులకు రెండు రూపాలు మిగిలాయి. ఆంగ్లంలో రెండూ ఒక రూపంలో కలిసిపోయాయి.

రాలిపోయిన అంత్యాలు

పూర్వప్రత్యయం పదవర్గాన్ని మార్చే సందర్భాలు విలియమ్స్ సూత్రానికి చిక్కు తెచ్చినవే. ‘ఎన్‌రిచ్’, ‘ఎన్‌స్లేవ్’, ‘ఎన్‌డేంజర్’, ‘బిహెడ్’, ‘బిఫ్రెండ్’ వంటి మాటల్లో కుడివైపు ఉన్నది విశేషణమో నామవాచకమో కాగా మొత్తం పదం క్రియ. వర్తమాన రూపాన్ని మాత్రమే చూస్తే ‘ఎన్-’, ‘బి-’ క్రియానిర్మాణ ప్రత్యయాలని చెప్పక తప్పదు.

‘బిహెడ్’కు ప్రాచీనాంగ్ల రూపం ‘బెహేఅవ్‌డియన్’. ఇందులో మొదటిది ‘బె-’, నడుమ శిరస్సు అనే అర్థమున్న ‘హేఅవోడ్’, చివర క్రియను సాధించే ‘-ఇయన్’. క్రియాత్వం ఇచ్చింది చివరి అంశమే. ‘బె-’ చేసిన పని వేరు. ‘బై’ అనే విభక్త్యర్థక పదానికి జ్ఞాతియైన ఈ ఉపసర్గ క్రియకు ‘చుట్టూ’, ‘వేరుచేసి’ వంటి అర్థాలనూ సకర్మకతనూ కలిగించేది. ‘ఎన్‌రిచ్’కు మాతృక ఫ్రెంచి ‘ఎన్‌రిషీర్’. అక్కడ కూడా క్రియాత్వం చివరి ‘-ఈర్’ది. ఆంగ్లంలో క్రియాంత్యాలు రాలిపోవడంతో రెండింటా ఎదుట నిలిచినది పూర్వప్రత్యయం ఒక్కటే. తరువాతి తరాలు క్రియాత్వాన్ని దానికే ఆపాదించి, ఆ నమూనాలో కొత్త పదాలు కల్పించుకున్నాయి. అపవాదం అలా పుట్టింది.

అంత్యాలు రాలిన చోట పూర్వప్రత్యయం కూడా లేకపోతే ఏమవుతుందో ‘లవ్’ చెబుతుంది. ప్రాచీనాంగ్లంలో ‘లువు’ నామవాచకం, ‘లువియన్’ క్రియ. రెండూ నేడు ‘లవ్’. ప్రత్యయం లేకుండానే నామవాచకం క్రియగా నడవగల నేటి ఆంగ్ల స్వభావం ఇలాంటి వేలాది జంటల వల్ల బలపడింది.

రెండు ‘అన్‌’లు

తెలుగులో ఆంగ్ల పదనిర్మాణాన్ని వివరించేటప్పుడు పూర్వప్రత్యయాలన్నిటికీ ‘ఉపసర్గ’ అనే పేరు పెట్టడం పరిపాటి. ఈ పేరు ఒక ముఖ్యమైన భేదాన్ని మరుగుపరుస్తుంది. పాణినీయంలో ప్రాదులకు ఉపసర్గ సంజ్ఞ క్రియాయోగంలోనే కలుగుతుంది. హృ ధాతువుకు ముందు చేరి ఆహార, విహార, సంహార, పరిహారాలను సాధించేవి ఉపసర్గలు. అధర్మ, అనుచిత శబ్దాల్లోని అభావబోధకం ఉపసర్గ కాదు; అది నఞ్, దానితో ఏర్పడేది సమాసం.

ఆంగ్లంలో ‘అన్-’ అనే ఒకే రూపం వెనుక సరిగ్గా ఈ రెండూ దాగి ఉన్నాయి. ‘అన్‌హ్యాపీ’, ‘అన్‌ట్రూ’ల్లోనిది విశేషణంతో చేరే అభావబోధకం. ఇది సంస్కృత అ-/అన్-, గ్రీకు అ-/అన్-, లాటిన్ ఇన్-లకు తోబుట్టువు. ఇండో-యూరోపియన్ మూలభాష నుంచి సంక్రమించినది. తెలుగువారి నోట ‘అనుచితం’, ‘అనర్హత’ అనే మాటల్లో పలికే ‘అన్’కూ ‘అన్‌ఫిట్’లోని ‘అన్’కూ పోలిక కాకతాళీయం కాదు. దీన్ని నఞ్ అనడమే ఉచితం.

‘అన్‌టై’, ‘అన్‌లాక్’, ‘అన్‌బైండ్’ల్లోని ‘అన్-’ వేరే కుదురుకు చెందింది. ‘ఎదురుగా’, ‘వ్యతిరేక దిశలో’ అనే అర్థంగల ‘ఆండ్-’ అనే పూర్వరూపం ప్రాచీనాంగ్లంలో క్రియల ముందు ‘ఒన్-’గా అరిగింది. దాని పూర్ణరూపం ‘ఆన్సర్’ అనే మాటలో చిక్కుకుని ఉంది. ఎదురుగా ప్రమాణం చేసి చెప్పడం దాని తొలి అర్థం. గ్రీకు ‘యాంటి’, సంస్కృత ‘అంతి’ దీని జ్ఞాతులు. తెలుగులో సమీపార్థకంగా వాడే ‘అంతికం’ ఆ సంస్కృత పదం నుంచి వచ్చినదే. క్రియతో మాత్రమే చేరి, క్రియను రద్దుచేసే మరొక క్రియను చెప్పే ఈ ‘అన్-’ నిజమైన అర్థంలో ఉపసర్గ. ‘అన్‌టై’ అంటే ముడివేయకపోవడం కాదు, వేసిన ముడిని విప్పడం.

రెండూ ఉచ్చారణలో కలిసిపోవడం వల్ల ‘అన్‌లాకబుల్’ అనే పదానికి రెండు అర్థాలు ఏర్పడ్డాయి. ముందు ‘-అబుల్’ చేరి, ఆ తరువాత నఞ్ చేరితే ‘తాళం వేయడానికి వీలులేనిది’. ముందు ఉపసర్గ చేరి, ఆ తరువాత ‘-అబుల్’ చేరితే ‘తాళం తీయదగినది’. తెలుగులో ఈ సందిగ్ధం పుట్టదు, ఎందుకంటే తెలుగు వ్యతిరేకాన్ని పదం ముందు పెట్టదు. ‘తీయని’, ‘తీయరాని’, ‘తీయలేని’ అంటూ క్రియ కడుపులోనే పెట్టుకుంటుంది. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం పది పరిచ్ఛేదాల్లో తద్ధితానికి ఒకటి, కృదంతానికి ఒకటి ఉన్నాయి. పూర్వప్రత్యయాలకంటూ పరిచ్ఛేదం లేదు. తెలుగు మాటల స్వభావానికి అది తగిన ఏర్పాటే.

క్రియాయోగ ‘అన్-’ ఏ క్రియతో పడితే ఆ క్రియతో చేరదు. కప్పడం, చుట్టడం, బంధించడం, మూయడం వంటి క్రియలనే అది ఎంచుకుంటుందనీ, ఈ వర్గానికి ఆంగ్లంలో వేరే బాహ్యచిహ్నం లేదనీ బెంజమిన్ లీ వోర్ఫ్ గుర్తించాడు. పగిలినదాన్ని అతికించడానికి ‘అన్‌బ్రేక్’ అనరు. ‘లూస్’ చేయడమన్నా ‘అన్‌లూస్’ చేయడమన్నా వదులు చేయడమే కావడం మాత్రం వింత; విడదీయడమనే అర్థం క్రియలోనే ఉన్నప్పుడు ఉపసర్గ దాన్ని రద్దుచేయక బలపరిచింది. 2020 జూన్‌లో దేశవ్యాప్తంగా ఆంక్షల సడలింపు మొదలైనప్పుడు దానికి కేంద్రప్రభుత్వం పెట్టిన ‘అన్‌లాక్’ అనే పేరును తెలుగు పత్రికలు యథాతథంగా స్వీకరించాయి. ‘లాక్‌డౌన్’కు విరుగుడుగా మూలక్రియకే ఉపసర్గ చేరి, ‘డౌన్’ రాలిపోవడం ఈ వర్గపు నియమానికి అనుగుణమే.

‘ఇన్-’ తెచ్చిన తంటా

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక సుమారు మూడు శతాబ్దాల పాటు ఫ్రెంచి రాజభాషగా, న్యాయభాషగా చలామణీ అయింది. మధ్యాంగ్ల కాలంలో చేరిన ఫ్రెంచి పదాలు పదివేలకు పైబడి ఉంటాయని ఆల్బర్ట్ బావ్ అంచనా. ఎవరూ ‘-మెంట్’ను గాని ‘-అబుల్’ను గాని విడిగా ఎరువు తెచ్చుకోలేదు, పదాలు వచ్చాయి, వాటితోపాటు అవి వచ్చాయి. ఒకే అంత్యం, ఒకే ఆది అనేక పదాల్లో మళ్లీ మళ్లీ వినబడినప్పుడు భాషీయులు దాన్ని విడదీసి చూడగలిగారు.

లాటిన్ నుంచి వచ్చిన అభావబోధక ‘ఇన్-’ పక్క హల్లును బట్టి ‘ఇమ్-’, ‘ఇల్-’, ‘ఇర్-’ అవుతుంది: ‘ఇంపాసిబుల్’, ‘ఇల్లీగల్’, ‘ఇర్రెగ్యులర్’. ‘సమ్ + లాపం’ ‘సల్లాపం’ కావడం తెలిసినవారికి ఇది పరసవర్ణమని వెంటనే తెలుస్తుంది. అయితే ఈ సంధి జరిగింది లాటిన్‌లో. ఆంగ్లం దాన్ని సిద్ధరూపంగా అందుకుంది. దేశ్యమైన ‘అన్-’ ‘ల’కారం ముందైనా వర్ణక్రమంలో మారదు, ‘ఇల్లీగల్’కు సమానార్థకమైన దేశ్యపదం ‘అన్‌లాఫుల్’గానే నిలిచింది.

16, 17 శతాబ్దుల్లో ఏ విశేషణానికి దేశ్య నఞ్, దేనికి లాటిన్ నఞ్ అనే విషయం ఇంకా కుదురుకోలేదు. 1611 నాటి ఆంగ్ల బైబిలు తొలి ముద్రణలో ‘అన్‌పాసిబుల్’ కనిపిస్తుంది. 1776 అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతిలో జెఫర్సన్ ‘ఇనేలియనబుల్’ అని రాయగా తుదిప్రతిలో ‘అనేలియనబుల్’ నిలిచింది. క్రమంగా తేలిన వ్యవస్థ ఆసక్తికరం. ‘అనేబుల్’ విశేషణమైతే దాని భావనామం ‘ఇనెబిలిటీ’. ‘అన్‌జస్ట్’కు ‘ఇన్‌జస్టిస్’, ‘అన్‌స్టేబుల్’కు ‘ఇన్‌స్టెబిలిటీ’. భావనామం ఫ్రెంచి నుంచో లాటిన్ నుంచో సమగ్రంగా దిగుమతి అయింది. విశేషణానికి మాత్రం ఇంటి ‘అన్-’ అంటుకుంది. పరప్రత్యయం ఏ జాతిదో పూర్వప్రత్యయమూ ఆ జాతిదే కావాలన్నట్లుగా నేటి వాడుక కనిపించడానికి కారణం ఇది.

లాటిన్ ‘ఇన్-’ కూడా రెండే. అభావబోధకం ఒకటి, ‘లోపలికి’ అనే అర్థంగల ఉపసర్గ మరొకటి. ‘ఇన్‌ఫ్లేమబుల్’లో ఉన్నది రెండోది; ‘ఇన్‌ఫ్లేమ్’ అంటే మంట రగిల్చడం, దానికి ‘-అబుల్’ చేరితే ‘మండగలది’. వైద్యంలో ‘ఇన్‌ఫ్లమేషన్’ అనే మాట కూడా ఈ కుదురుదే. కాని ‘ఇన్-’ అంటే ‘కానిది’ అని నేర్చుకున్నవారికి ఈ మాట ‘మండనిది’గా తోస్తుంది. పదవ్యుత్పత్తి ఇక్కడ ప్రాణాపాయంగా పరిణమించగలదు. 19వ శతాబ్ది నుంచే ‘ఫ్లేమబుల్’ అనే రూపం ఉన్నా, 1920లలో అమెరికాలో అగ్నిప్రమాద నివారణ రంగంవారు దాన్ని పట్టుబట్టి ప్రచారం చేయడంతో అది హెచ్చరికల్లో స్థిరపడింది. ఒక ప్రత్యయాన్ని ప్రజలు ఎలా విడదీసుకుంటారన్న విషయం ఒక పదాన్ని హెచ్చరిక ఫలకాల నుంచి తొలగించిన సందర్భం ఇది. తెలుగు రాష్ట్రాల రహదారులపై నడిచే ఇంధన ట్యాంకర్ల వెనుక మాత్రం ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అనే రాత నేటికీ కనిపిస్తుంది. షేక్‌స్పియర్ కాలంలో ‘ఇన్‌హ్యాబిటబుల్’ నివాసయోగ్యం కానిదనే అర్థంలో వాడుకలో ఉండేది. నేడు దాని అర్థం నివాసయోగ్యమైనదని. అక్కడ గెలిచినది ఉపసర్గ, ఓడినది నఞ్. ‘ఇన్‌వాల్యుబుల్’లో నఞ్ నిలిచింది, కాని అది వెలలేనిదనే అర్థం పోగొట్టుకోలేదు, వెలకట్టలేనిదని చెబుతుంది.

ఎరువు ప్రత్యయానికి ఇంటి ప్రాతిపదిక

ఎరువు ప్రత్యయం భాషలో వేరూనిందా లేదా అనడానికి గట్టి పరీక్ష అది దేశ్య ప్రాతిపదికలతో చేరుతుందా అన్నది. మధ్యాంగ్ల కాలం ముగిసేనాటికి ‘-అబుల్’ ఈ పరీక్షలో నెగ్గింది. ‘బిలీవబుల్’, ‘ఈటబుల్’ల్లో ప్రాతిపదికలు అచ్చమైన ఆంగ్లాలు. సమర్థార్థకమైన ‘ఏబుల్’ అనే పదంతో దీనికి పుట్టుకలో సంబంధం లేకపోయినా, ఉన్నదని భాషీయులు భావించడం దాని వ్యాప్తికి తోడ్పడింది. ‘-మెంట్’ కూడా ‘ఫుల్‌ఫిల్‌మెంట్’, ‘సెటిల్‌మెంట్’ల్లో దేశ్య క్రియలతో చేరింది గాని, ‘-అబుల్’కు ఉన్న ఉత్పాదకత దానికి దక్కలేదు.

తెలుగులో పారశీక ‘-దారు’ ఇదే దారిన నడిచింది. జమీందారు, హవల్దారు వంటి పదాలతో పాలనావ్యవహారంలోకి వచ్చి, తరువాత ‘కొనుగోలుదారు’, ‘చెల్లింపుదారు’, ‘అమ్మకందారు’ అంటూ తెలుగు ప్రాతిపదికలకు అంటుకుంది. అదే దారిన వచ్చిన పూర్వప్రత్యయాలు ‘గైరు-’, ‘బే-’ మాత్రం ‘గైరుహాజరు’, ‘బేఖాతరు’ వంటి ఎరువు పదాల్లోనే ఆగిపోయాయి. పరప్రత్యయానికి దొరికిన చోటు పూర్వప్రత్యయానికి తెలుగులో దొరకలేదు.

విడదీయడం ఎంత బలమైన శక్తో ‘ఎడిట్’ చెబుతుంది. లాటిన్ నుంచి ‘ఎడిటర్’ ముందు వచ్చింది. 18వ శతాబ్ది చివర దాని నుంచి ‘-ర్’ను ప్రత్యయంగా భావించి తీసివేయగా ‘ఎడిట్’ మిగిలింది. 19వ శతాబ్దిలో ‘బర్గ్‌లర్’ నుంచి ‘బర్గుల్’ అలాగే పుట్టింది. తద్ధితం ముందు, ధాతువు తరువాత!

ప్రత్యయం మళ్లీ పదం కావడం కూడా ఉంది. ‘-ఇజమ్’ గ్రీకు నుంచి లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా ఆంగ్లానికి చేరిన పరప్రత్యయం. 17వ శతాబ్దిలోనే ఆంగ్లంలో దాన్ని తెంపి, కొంత వెక్కిరింతతో స్వతంత్ర నామవాచకంగా వాడారు. 20వ శతాబ్ది తెలుగు విమర్శకు అది ఆ రూపంలోనే అందింది. ‘ఏ ఇజానికీ కట్టుబడని కవి’ అని రాసినప్పుడు ‘ఇజం’ అకారాంత నపుంసక శబ్దంగా ‘ఇజాన్ని’, ‘ఇజాలు’, ‘ఇజాల’ అంటూ తెలుగు విభక్తులన్నీ పుచ్చుకుంటుంది. ‘వాదం’ అనే తత్సమ పదం సిద్ధంగా ఉన్నా, ఆ వెక్కిరింత ఛాయ కోసం విమర్శకులు దీన్నే ఎంచుకుంటారు.